సెంపుల్ "ఆయన" కాదు సారూ, ఆవిడ!

ఇందాక సివిల్స్‌కి జాగ్రఫీ ఆప్షనల్ ఆన్‌లైన్ క్లాసు వింటూ ఫోన్ గోడకేసి కొట్టబోయి, ఈఎమ్ఐ గుర్తొచ్చి ఆగాను. సారు డిటర్మినిజం చెప్తున్నారు, అంటే మనిషి తీరుని చుట్టూ ఉన్న నేలా వాతావరణమే నిర్ణయిస్తాయనే సిద్ధాంతం. "జర్మన్ జాగ్రఫర్ రాట్జెల్ శిష్యుడు సెంపుల్, ఆయన ఏమన్నాడంటే..." గంటలో నాలుగైదు సార్లు ఆయనే! ఉండబట్టలేక చాట్‌లో "సార్, ఎలెన్ చర్చిల్ సెంపుల్, ఆవిడ" అని పెట్టా. "ఎవరైతే ఏంటమ్మా, ఆన్సర్‌లో ఆడా మగా రాయం కదా" అన్నారు. కింద వరసగా నవ్వు ఎమోజీలు.

రాయం లెండి. రాట్జెల్‌కి ఫొటోతో సహా స్లైడ్, ఈవిడకి "ఆవిడ" అన్న ముక్క కూడా దండగే. అమెరికాలో కెంటకీ నుంచి జర్మనీలో లైప్‌జిగ్ దాకా పోతే ఆడవాళ్ళకి అడ్మిషన్ లేదన్నారు, పోనీ పాఠమైనా విననివ్వండని పర్మిషన్ తెచ్చుకుని, వందల మంది మగపిల్లలున్న హాల్లో విడిగా కూర్చుని విన్నది. అడ్మిషనే ఇవ్వనప్పుడు ఇంక డాక్టరేట్ ఎక్కడిది? ఆ రాట్జెల్ ఐడియాల్ని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ నోళ్ళలో నానేలా చేసింది మాత్రం ఈవిడ 1911లో రాసిన పుస్తకమే. అమెరికా జాగ్రఫర్ల అసోసియేషన్ 1904లో పెట్టినప్పుడే మెంబరు, 1921లో దానికి మొదటి మహిళా ప్రెసిడెంట్. క్లార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాక కూడా జీతం మగాళ్ళకంటే తక్కువే!

ఆవిడ చెప్పిందంతా వేదం అనట్లేదు. చలిదేశాల వాళ్ళు కష్టజీవులు, ముందుచూపున్నవాళ్ళు, దక్షిణాన వెచ్చటి చోట ఉండేవాళ్ళు నిదానస్తులు అన్నట్టు రాసిందే, అది చదివితే నాకూ ఒళ్ళు మండుతుంది. రెంటచింతల ఎండలో మిరపకాయలు కోసే మా పెద్దమ్మని ఒక్కరోజు చూసుంటే ఆ చాప్టర్ చింపేసేది. తిట్టండి, కానీ ఎవర్ని తిడుతున్నారో తెలుసుకుని తిట్టండి.

అసలు నా మంట ఇది కూడా కాదు. కెంటకీ కొండల మనుషుల మీద 1901లో రీసెర్చ్ పేపర్ వేసింది, దానికోసం గుర్రమెక్కి 350 మైళ్ళు తిరిగింది. గుర్రం మీద! మాకేమో డిగ్రీలో బొర్రా గుహలకి ఫీల్డ్ ట్రిప్ అంటే, అమ్మాయిలకి సేఫ్టీ కాదు, బాధ్యత ఎవరు తీసుకుంటారు అని అబ్బాయిల్నే బస్సెక్కించి, మమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి టెక్స్ట్‌బుక్ చూసి స్టాలక్టైట్ (గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు) బొమ్మలు గీయమన్నారు. గీశాం. పోయొచ్చినోళ్ళు అక్కడ ఫొటోలు తప్ప ఏం తేలేదు, తిరిగొచ్చి మా రికార్డులే కాపీ కొట్టారు, అందులో ఒకడికి ఫీల్డ్ వర్క్‌లో ఫుల్ మార్కులు, మాకేమో "స్వయంగా పరిశీలించలేదు" అని కోత.

నా రికార్డు ఇంకా వాడి దగ్గరే ఉంది.