తలల లెక్కకు అందని బడి

దివ్యాంగ పిల్లల కోసం నడిచే చిన్న ప్రభుత్వ ప్రత్యేక పాఠశాల ఏ పట్టికలో చేరినా అడుగునే తేలుతుంది. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట ముగిసి వారి సంఖ్య లెక్కించినప్పుడూ అంతే, ఫలితాల శాతాలు వెలువడినప్పుడూ అంతే. ఆ వెంటనే, ఇంత కొద్దిమంది కోసం ఇంత సిబ్బంది, ఇంత భవనం అవసరమా, మరో బడిలో కలిపేస్తే పోదా అన్న మాట మొదలవుతుంది. గజం జాగాకు లక్షలు పలికే హైదరాబాద్‌లో ఆ మాట వెనకున్న లెక్కలన్నీ చదువుకు సంబంధించినవే అనుకోనక్కర్లేదు. అయినా ప్రశ్నను పక్కకు నెట్టేయడం మాకు సమ్మతం కాదు. ప్రజాధనంతో నడిచే బడి ఎందరికి ఏం నేర్పుతోందో చెప్పి తీరాలి. మా అభ్యంతరమల్లా ఆ జవాబును తప్పుడు కొలతతో రాబట్టడం మీదే.

రిజిస్టరులో పేర్లు తక్కువగా ఉన్నాయంటే చుట్టుపక్కల అలాంటి పిల్లలు తక్కువని కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 5 నుంచి 19 ఏళ్ల వయసున్న దివ్యాంగుల్లో ఏదో ఒక విద్యాసంస్థకు వెళ్తున్నవారు 61 శాతమే. అసలు బడి గడప తొక్కనివారు నాలుగో వంతుకు పైనే. 1995 నాటి దివ్యాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఇంటి దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కును అందులోని 31వ సెక్షన్ ఇచ్చింది. చట్టం ఇచ్చిన ఆ ఎంపికను ఈ నగరంలో దూరం లాగేసుకుంటోంది.

జగద్గిరిగుట్టలో ఉండే ఒక తల్లి పన్నెండేళ్ల కొడుకును మలక్‌పేటలోని ప్రత్యేక పాఠశాల దాకా తీసుకురావాలంటే ఏం కావాలో ఒక్కసారి లెక్కవేసి చూడాలి. మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని సిటీ బస్సులో ఆమెకు ఛార్జీ లేదు. పిల్లాడికి మాత్రం పాసు కావాలి, పాసుకు వైకల్య సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కు వైద్య పరీక్షల శిబిరంలో వంతు రావాలి. తీరా బడికి చేరాక, ఇంటికి వెళ్లి మళ్లీ రావడానికే మధ్యాహ్నమైపోతుంది కనుక గేటు పక్కన చెట్టుకింద టిఫిన్ డబ్బాతో గంట కొట్టేదాకా కూర్చోవలసిందే. నాలుగిళ్లలో పనిచేసుకునే మనిషి ఇలా ఎన్నాళ్లు కూర్చోగలదు? రాత్రి మూర్ఛ వస్తే పిల్లాడు రెండు రోజులు మంచం దిగడు. మొదట హాజరు పలచబడుతుంది, తర్వాత పేరే పోతుంది. ఇంటి దగ్గరి బడిని అడిగితే ఇలాంటి పిల్లలకు చెప్పేవాళ్లు తమ దగ్గర లేరంటారు. ఆ పిల్లాడు రెండు బడుల లెక్కల్లోనూ ఉండడు. నమోదు తగ్గిందని నిలదీయాల్సింది ప్రధానోపాధ్యాయుడినా, ఒక్క వ్యాను ఏర్పాటు చేయలేని యంత్రాంగాన్నా?

ఇక ఫలితాల సంగతి. ఐదుగురు పరీక్ష రాసినచోట ఒక్కరు తప్పినా ఉత్తీర్ణత 80 శాతానికి పడిపోతుంది. మరుసటి ఏడాది అయిదుగురూ గట్టెక్కితే వంద. ఈ ఎగుడుదిగుళ్లకూ బోధనకూ సంబంధం వెతకడం వృథా ప్రయాస. పైగా, తప్పిందెవరో వీధంతటికీ తెలిసిపోతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు పదిమందికన్నా తక్కువున్న బృందాల ఫలితాలను బయటపెట్టకపోవడానికి కారణం ఇదే.

మార్కులు తప్ప వేరే కొలత లేదా అంటే, ఉంది. అదీ మన ఊళ్లో తయారైందే. బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటై నేడు నీపిడ్‌గా పిలుస్తున్న మేధో దివ్యాంగుల సాధికారత జాతీయ సంస్థ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం రూపొందించిన మదింపు పట్టికను దేశమంతటా ప్రత్యేక పాఠశాలలు వాడుతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, నాణేలు గుర్తుపట్టడం, బస్సు మీది నంబరు చదవడం వంటి పనులను బిడ్డ సొంతంగా చేస్తోందా, సైగ చేస్తే చేస్తోందా, మాటతో చెప్పాలా, చెయ్యి పట్టి చేయించాలా అన్నది అందులో విడివిడిగా నమోదవుతుంది. 80 శాతం అంశాలు సాధిస్తే పై స్థాయికి పంపుతారు. జూన్‌లో చెయ్యి పట్టి పెట్టించిన గుండీని మార్చికల్లా చెబితే పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎంత పెద్ద మార్పో కన్నవాళ్లకు తెలుసు. మన ఫలితాల పట్టికలో దానికి గడి లేదు.

అలాగని చిన్న బడులను జాలితో వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. ఒక్కో బిడ్డకు ఏటా రాయవలసిన వ్యక్తిగత విద్యా ప్రణాళిక తనిఖీ కోసం నింపే కాగితంగా మిగిలిపోయిన చోట, నిరుడు రాసిన లక్ష్యమే తేదీ మారి ఈ ఏడూ ఎక్కుతుంది. ‘వీళ్లకు ఇంతకన్నా ఏం వస్తుందిలే’ అనే ధోరణి మార్కుల పిచ్చికన్నా తక్కువ హాని చేయదు. చదవగల పిల్లవాడిని ఏళ్ల తరబడి రంగులు వేయిస్తూ కూర్చోబెట్టడం బోధన కాదు. దీన్ని పట్టుకోవాలంటే ప్రణాళికలు చదివి అర్థం చేసుకోగల తనిఖీ అధికారులు కావాలి. తలలు లెక్కపెట్టేవారు చాలరు.

ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ల నిష్పత్తిని ఖరారు చేయాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. సాధారణ బడుల్లో ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022లో నిర్ణయించింది. పోస్టుల మంజూరులో రాష్ట్రాల జాప్యాన్ని చూసి 2025 మార్చిలో సుప్రీంకోర్టు గడువు విధించవలసి వచ్చింది. ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు టీచరు పదేళ్ల పిల్లవాడి మూడేళ్ల లక్ష్యాన్ని ఎలా రాయగలరు?

కాబట్టి బడుల విలీనం ఫైలు కదిపేముందు ప్రభుత్వం చేయవలసిన పని వేరే ఉంది. దివ్యాంగుల సంక్షేమ శాఖ, విద్యాశాఖ తమ దగ్గర విడివిడిగా ఉన్న పింఛను, సర్టిఫికెట్, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల వివరాలను కలిపి చూసి, ఒక్కో ప్రత్యేక పాఠశాల పరిధిలో బడి బయట ఎందరున్నారో తేల్చాలి. ఎన్ని లక్ష్యాలు పెట్టుకున్నారు, ఎన్ని నెరవేరాయి అన్నది పిల్లల పేర్లు లేకుండా, రెండు మూడేళ్లవి కలిపి ప్రకటించాలి. టీచరు పోస్టుల ఖాళీలు ఎన్నో అదే కాగితంలో చూపాలి. వచ్చే బడిబాటకు ముందే వ్యాను రూట్లు ఖరారు చేసి, ఆ తర్వాత ఏడాదిపాటు హాజరు ఎలా ఉందో చూశాకే ఏ బడి భవితవ్యాన్నయినా చర్చకు పెట్టాలి.