పేషీని ఆడిపోసుకోకండి

దస్త్రపురి గణతంత్రంలో ప్రధానమంత్రి పేషీ మీద ఈ మధ్య నోళ్లు ఎక్కువగా లేస్తున్నాయి. మంత్రులను డమ్మీలను చేశారట, ఫైళ్లన్నీ అక్కడే పోగుపడ్డాయట, జన్మలో ఓటడగని నలుగురు ఓఎస్డీలు (ప్రత్యేక విధుల అధికారులు) దేశాన్ని ఏలేస్తున్నారట. ఈ నిరాధార ఆరోపణలను తీవ్రంగా ఖండిస్తున్నాను. నలుగురు కాదు, పదకొండు మంది.

(దస్త్రపురి ఎక్కడుందని మ్యాపులో వెతక్కండి, దొరకదు. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే అది మీ పాపం.)

రాజ్యాంగంలో పేషీ అనే ముక్కే లేదన్నది ప్రతిపక్షం ప్రధాన అభ్యంతరం. లేకపోతేనేం? భారత రాజ్యాంగంలో మాత్రం ప్రధాని కార్యాలయం గురించి ఉందా? 74వ అధికరణం రాష్ట్రపతికి సలహా ఇవ్వడానికి ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉండాలంటుంది. 75వది వాళ్ల నియామకం సంగతి, లోక్‌సభకు జవాబుదారీ సంగతి చెబుతుంది. కార్యాలయం ఊసు మాత్రం లేదు. పీఎంవో పనేమిటో తెలియాలంటే శాఖలకు పనులు పంచిపెట్టే 1961 నాటి నిబంధనలు తిరగేయాలి. మిగతా శాఖలకు చాంతాడంత జాబితాలున్నాయి, ఓడరేవుల శాఖ వాటాలో దీపస్తంభాలు కూడా మర్చిపోకుండా రాశారు. పీఎంవో దగ్గరికొచ్చేసరికి ఒక్కటే వాక్యం: ప్రధానమంత్రికి సెక్రటేరియల్ సహాయం అందించడం.

దస్త్రపురి పెద్దలు ఈ వాక్యం చూసి ముచ్చటపడి యథాతథంగా ఎత్తుకొచ్చుకున్నారు. వాళ్ల ముందుచూపును మెచ్చుకోవాలి. నీ పని దీపస్తంభాలు అని రాసిచ్చినవాడు దీపస్తంభాల దగ్గరే ఆగిపోతాడు. సహాయం చేసేవాడిని ఆపేదెవరు? బియ్యం ధర నిర్ణయించడం సహాయమే. వైస్ చాన్సలర్‌ను ఎంపిక చేయడమూ సహాయమే. ఏ ఎస్సైని ఏ స్టేషన్‌కు వేయాలన్నదైతే మరీ పెద్ద సహాయం, దానికి రాత్రి పదకొండు దాకా కూర్చోవాలి.

అన్నట్టు, ఢిల్లీలో కూడా ఇది ఒక్కరోజులో ఎదగలేదు. నెహ్రూ కొద్దిపాటి సిబ్బందితో నెట్టుకొచ్చారు. 1964లో శాస్త్రి ఎల్.కె. ఝాను కార్యదర్శిగా తెచ్చుకున్నాక ప్రధాని సచివాలయానికి ఒక స్థాయి వచ్చింది. ఇందిర హయాంలో పి.ఎన్. హక్సర్ ఆ కుర్చీలో కూర్చున్న నాటికి శాఖలన్నీ అటే చూడటం మొదలుపెట్టాయి. 1977లో మొరార్జీ దేశాయ్ దాని దూకుడు తగ్గించాలనుకున్నారు. ‘సచివాలయం’ తీసేసి ‘కార్యాలయం’ అని పెట్టారు. తర్వాత ఎంత తగ్గిందో పాఠకులకు తెలిసిందే. దస్త్రపురిలోనూ ఈ సంస్కరణ మూడుసార్లు చేశారు. బోర్డులు రాసే పెయింటరు ఇల్లు కట్టుకున్నాడు.

ఇక పని జరగడం లేదన్న ఆరోపణ. అసలు పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్లే ఇలా మాట్లాడతారు. మంత్రి సంతకం పెట్టిన ఫైలు పేషీకి చేరగానే చిన్న ఓఎస్డీ కొర్రీ వేస్తాడు. శాఖ నెల తిరిగేలోగా జవాబు పంపుతుంది. అప్పుడు పెద్ద ఓఎస్డీ గారు కళ్లజోడు సవరించుకుని, మార్జిన్‌లో ‘చర్చించండి’ అని రాస్తారు. ఆ ఒక్క మాటలో ఎంత ప్రజాస్వామ్యం ఉందో గమనించండి. కాదనలేదు, అవుననలేదు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు చర్చించాలో చెప్పి ఎవరి స్వేచ్ఛనూ హరించలేదు. చర్చిద్దామని సెక్రటరీ వస్తే సారు రివ్యూలో ఉంటారు. ఆ రివ్యూ దేనిమీదంటే, పెండింగ్ ఫైళ్ల మీద.

తొందర పనులకు వేరే పద్ధతి ఉంది. వాటికి ఫైలుండదు, ఫోనుంటుంది. ‘పైనుంచి చెప్పారు’ అన్న రెండు మాటలకు దస్త్రపురిలో ఏ చట్టానికీ లేనంత బలం. చట్టానికైతే కోర్టులో స్టే తెచ్చుకోవచ్చు. పైనుంచి చెప్పిందెవరో, ఆ పై ఎంత పైనో కనుక్కోబోయిన ఒక జాయింట్ సెక్రటరీ ప్రస్తుతం పాత రికార్డుల గదిలో చెదపురుగుల నివారణ చూస్తున్నారు.

ఆ మధ్య ఒక మోసగాడు పేషీ నుంచి మాట్లాడుతున్నానని ఇద్దరు కలెక్టర్లకు ఫోన్ చేసి వాళ్ల ఊరికి రోడ్డు వేయించుకున్నాడు. తర్వాత పట్టుబడ్డాడు, జైలుకెళ్లాడు. రోడ్డు మాత్రం నిక్షేపంలా ఉంది. పేషీ స్వయంగా శ్రద్ధ తీసుకున్న పక్క ఊరి రోడ్డు ఇంకా చర్చల దశలోనే ఉంది.

స్థిరత్వం సంగతి చెప్పుకోవద్దా? లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఉండే 10 డౌనింగ్ స్ట్రీట్‌లో 2011 నుంచి లారీ అనే పిల్లి ఎలుకల వేట కొలువులో ఉంది. కామెరాన్ నుంచి స్టార్మర్ దాకా ఆరుగురు ప్రధానులను చూసింది. వాళ్లలో లిజ్ ట్రస్ ఉన్నది 49 రోజులే. మన పేషీలో ఆ హోదా అటెండరుది. ఇవాళ సారు మూడ్ ఎలా ఉందో మంత్రులు ఆయన్నడిగే లోపలికెళ్తారు. వాళ్లు ఆయన్ను ‘అన్నా’ అంటారు. ఆయన వాళ్లను ‘ఏం సార్, మళ్లీ వచ్చిండ్రా’ అని పలకరిస్తాడు.

రాష్ట్రపతి కూడా ఒకరున్నారు. వారికి నమస్కారం.

మంత్రులు డమ్మీలైపోయారని కన్నీరు పెట్టేవాళ్లు ఒక్కటి మర్చిపోతున్నారు. వంతెన కూలిందనుకోండి, రాజీనామా చేసేదెవరు? మంత్రి. సభలో తిట్లు తినేదెవరు? మంత్రి. అంతటి గౌరవం పేషీకి ఏనాడైనా దక్కిందా? వంతెన కాంట్రాక్టరును సూచించింది పేషీయే కావచ్చు, అది సహాయం మాత్రమే. సహాయం చేసినవాడిని శిక్షిస్తే రేపు ఎవరైనా సాటి మనిషికి సాయం చేస్తారా?

అయినా జనం వినలేదు. పేషీని రద్దు చేస్తామన్న ప్రతిపక్షాన్ని మొన్నటి ఎన్నికల్లో గెలిపించారు. కొత్త ప్రధాని మాట తప్పే మనిషి కాదు. ప్రమాణస్వీకారం చేసిన రోజే పేషీ రద్దు విధివిధానాల కమిటీ వేశారు. పాత ఓఎస్డీలకు అనుభవం ఉంది కనుక పదకొండు మందినీ అందులో సభ్యులుగా తీసుకున్నారు. కమిటీ కూర్చోవడానికి చోటు చాలక పేషీ మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. టెండర్ల ఫైలు మంత్రిగారు నిన్ననే సంతకం చేసి పంపారు. కాంట్రాక్టరు మాత్రం పోయిన వారమే పని మొదలుపెట్టాడు. అతనికి పైనుంచి చెప్పారట.