ఊరికే నిలబడ్డవాడు

పెద్ద చెట్టు కొట్టించే యజమానులకు లెక్కలు బాగా వస్తాయి. మొన్న ఒకాయన కుర్చీ వేయించుకుని కూర్చుని, నా కళ్లెదుటే లెక్క తేల్చారు. పైన ఉన్నది ఒక్కడు, కింద ఉన్నది ముగ్గురు. పని చేసేవాడికి కూలి ఇస్తాను సరే, చూసేవాళ్లకు ఎందుకివ్వాలి? నిజానికి ఆ పూట అందరికంటే ఎక్కువగా చూసింది ఆయనే, అదీ కాలు మీద కాలు వేసుకుని.

ఆయన వేలెత్తి చూపిన మనిషి, పైన కోసే దుంగకు కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. "తాడు పట్టుకోవడం కూడా ఒక పనేనా? గుంజకు కట్టేస్తే పోదా?" అన్నారు. దివ్యమైన ఆలోచన. గుంజ కూలి అడగదు, ఎదురు చెప్పదు. కాకపోతే అర మీటరు అడ్డకొలత, మీటరు పొడవు ఉన్న పచ్చి దుంగ సాధారణంగా 150 కిలోలకు తక్కువ తూగదన్న సంగతి గుంజకు తెలియదు. తెగిపడిన దుంగను ఒక్కసారిగా బిగబట్టి ఆపితే, ఆ కుదుపు దాని బరువుకు ఎన్నో రెట్లై పైనున్న మానును ఊపేస్తుంది. యజమాని గారి లెక్కలో పని చేస్తున్న ఆ ఒక్కడూ నడుము పట్టీతో కట్టుకుని ఉన్నది ఆ మానుకే. అందుకే చెట్టు మొదలుకు బిగించిన ఇనుప గొట్టానికి తాడు ఎన్ని చుట్లు వేయాలో ముందే అంచనా కట్టి, దుంగ పడుతుండగా కొంత జారనిచ్చి, మెల్లగా నిలపాలి. ఎక్కువ జారితే ఇంటి పైకప్పు పోతుంది, అసలు జారకపోతే మనిషే పోవచ్చు. దీన్నే ఊరికే నిలబడటం అంటారు.

ఇంతలో యజమాని గారు ఫోను తీసి చెట్టు కిందికి నడిచారు. పైన రంపం ఆగిపోయింది. పైవాడు కోయబోతూ కేక వేస్తాడు, కింది నుంచి "ఖాళీ" అన్న జవాబు వచ్చేదాకా కోయడు. ఆ జవాబు రాలేదు. ఖాళీగా ఉండవలసిన చోట యజమాని గారు ఒక మోకాలి మీద కూర్చుని, వెనక్కి వాలి, ఆకాశం కూడా పడేలా కోణాలు వెతుకుతున్నారు మరి. "అయ్యా, ఇవతలికి రండి" అన్నాడు కింది మనిషి. ఆయనకు రోషం వచ్చింది. నా చెట్టు, నా నేల, నన్నే పొమ్మంటావా? పాపం, పడే కొమ్మకు పట్టా చదవడం రాదు. చివరికి ఫోటో వచ్చింది. అందులో ఆకాశం, కొమ్మ, పైవాడి వీరభంగిమ. అంచున కింది మనిషి మోచేయి పడితే దాన్ని కత్తిరించేశారు. ఆ రోజు మొత్తంలో అతి నున్నటి కోత అదే.

ఇక నరికిన కొమ్మలను చిప్పర్‌కు, అంటే వాటిని తురిమి ముక్కలు చేసే యంత్రానికి, అందించడం. దాని పేరు "చెత్త ఎత్తడం" అట. కొమ్మ మొదలు వైపు ముందుగా పెట్టి, పక్కన నిలబడి అందించి, వెంటనే తప్పుకోవాలి. వదులు చొక్కా వేసుకోకూడదు. ఇరుక్కున్న కొమ్మను కాలితో తోయకూడదు. లోపలికి లాక్కునే ఆ చక్రాలకు కొమ్మకూ చేతికీ తేడా తెలియదు. అలాంటి యంత్రం ముందుకు నిన్న చేరిన కుర్రవాణ్ణి ఒక్క ముక్క నేర్పకుండా నెట్టి, ఘోరం జరిగాక "కూలీ అజాగ్రత్త" అని రాసుకునే కాంట్రాక్టర్ల గురించి నవ్వుతూ రాయడం నా వల్ల కాదు. ఎవరిది అజాగ్రత్త? నేర్పడానికి ఒక పూట దండగ అనుకున్నవాడిది. మిగులు కోసం ముగ్గురిని ఇద్దరు చేసినవాడిది. పైవాడు రంపం తగిలో, కళ్లు తిరిగో పట్టీల్లో కదలకుండా వేలాడితే అతనికి ఉన్న గడువు నిమిషాలే. అప్పుడు ఇంకో తాడు వేసుకుని ఎక్కి, అతణ్ణి దింపవలసింది ఆ విద్య నేర్చిన కింది మనిషే. మీరు లెక్కలోంచి కొట్టేసింది అతణ్ణేనయ్యా!

సాయంత్రం యజమాని గారు ఒక కూలి తగ్గించే ఇచ్చారు. తర్వాత, తాళ్లు చుట్టి, రంపపు పొట్టు ఊడ్చి, చెమట తుడుచుకుంటున్న ఆ మనిషినే పిలిచారు.

"ఖాళీగానే ఉన్నావు కదా, ఈ కుర్చీ లోపల పెట్టు."