చేపల లెక్కలో మన మాట కూడా పడాలి

మన తెలుగు సంఘం మెమోరియల్ డే పిక్నిక్‌లో జరిగింది ఈపాటికి అందరికీ తెలుసు. పిక్నిక్‌కి రానివాళ్ళు కూడా వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు. న్యూజెర్సీలో రారిటన్ బే ఒడ్డున పులిహోర డబ్బాల మూతలు తీస్తుండగానే మన కుర్రాడొకడి గాలానికి 34 అంగుళాల స్ట్రైపర్ (ఒంటిమీద చారలుండే స్ట్రైప్డ్ బాస్ చేప) పడింది. అందరం చుట్టూ మూగి ఫొటోలు తీసుకున్నాం, పిల్లలు తోక ముట్టుకుని మురిసిపోయారు. కాసేపటికి కన్సర్వేషన్ ఆఫీసర్ వచ్చి, చేపని కొలిచి, జరిమానా టికెట్ రాసిచ్చి వెళ్ళాడు. "28 దాటితే ఉంచుకోవచ్చు కదండీ?" అని ఆ కుర్రాడు నన్నడిగాడు. 31 దాటితే వదిలేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రానికి గ్రూపు వేడెక్కింది. మన ముఖాలు చూసే ఆపారనీ, పక్కవాళ్ళ కూలర్ల జోలికి పోలేదనీ రాశారు. నేను అక్కడే ఉన్నాను. మా దగ్గరికి రాకముందు ఆ ఆఫీసర్ అటువైపు కూలర్లన్నీ తెరిపించి చూశాడు. అన్ని మెసేజ్‌ల్లోనూ ఆ 31 అంగుళాల గీత ఎవరు గీశారు, ఎవరినడిగి గీశారు అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. నన్ను బాధపెట్టింది అదే.

గీసింది అట్లాంటిక్ తీరంలోని 15 రాష్ట్రాలు కలిసి 1942 నుంచి నడుపుకుంటున్న మత్స్య కమిషన్. ఎనభైల్లో స్ట్రైపర్లు ఎంతగా తగ్గిపోయాయంటే మేరీల్యాండ్ 1985 నుంచి 1990 దాకా వేట పూర్తిగా ఆపేసింది. చేప కోలుకుందని 1995లో ప్రకటించారు. 2019 నాటికి పరిస్థితి మళ్ళీ దిగజారిందని తేలింది. 2015లో పుట్టిన చేపపిల్లలు ఎదిగి, ఉంచుకోదగ్గ కొలతకి చేరేసరికి 2022లో గాలాలకి పడి ఇళ్ళకి చేరిన చేపలు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపయ్యాయి. అందుకే 2023 మేలో అత్యవసరంగా 31 అంగుళాల గీత పెట్టారు. అంతకుముందు న్యూజెర్సీలో 38 లోపు చేప ఉంచుకోవచ్చు. మన కుర్రాడు పట్టిన చేపకి అప్పట్లో టికెట్ పడేది కాదు. పెద్ద చేపలంటే ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడవి. వాటిని వదిలేయడం న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను.

అత్యవసరం కాబట్టి అప్పుడు నిర్ణయం ముందు, హియరింగులు, అంటే జనం అభిప్రాయం వినే సభలు, తర్వాత. మామూలుగా అయితే ముసాయిదా ముందు బయటపెడతారు, రాష్ట్రాల్లో హియరింగులు జరుపుతారు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఏ ప్రతిపాదనకి అనుకూలమో చూసి లెక్కగడతారు. నలుగురూ ఒకే నకలు మీద సంతకాలు పెట్టి పంపితే అది వేరే వరసలోకి వెళ్తుంది. సొంత మాటల్లో రాసింది వ్యక్తిగత అభిప్రాయంగా నమోదవుతుంది.

కిందటి శరదృతువులో అలాంటి హియరింగ్‌కి వెళ్ళాను. కొన్ని నెలలు వేట మూసేయాలా అన్నది చర్చ. చేపని ఇంటికి తీసుకెళ్ళకూడదని మాత్రమే అనాలా, లేక స్ట్రైపర్ కోసం అసలు గాలమే వేయకూడదనాలా? పట్టి వదిలేసినవాటిలోనూ నూటికి 9 చచ్చిపోతాయని వాళ్ళ లెక్క, అందుకే రెండో మాట వచ్చింది. చార్టర్ బోట్ల కెప్టెన్లు మాట్లాడారు, గాలాల షాపులవాళ్ళు మాట్లాడారు, పట్టి వదిలేసేవాళ్ళు మాట్లాడారు. ఒకాయన లేచి, ఒడ్డుమీద నిలబడేవాళ్ళు చిన్నా పెద్దా చూడకుండా బకెట్లు నింపుకుపోతారన్నాడు. గది అంతా చూశాను. ఒడ్డుమీద నిలబడేవాళ్ళ తరఫున ఒక్కరూ లేరు.

చేయి ఎత్తి నాకు తెలిసింది చెప్పాను. మేం పట్టిన చేప వండుకుంటాం, రోజుకి మనిషికి ఒకటే అన్న నియమం మాకు సమ్మతమే. కానీ మేతగా తినే బంకర్ చేపల గుంపుల వెంట స్ట్రైపర్లు ఒడ్డుకి దగ్గరగా వచ్చే వసంతంలో వేట మూసేస్తే, బోటు ఉన్నవాడికి మరో రోజు, మరో చోటు ఉంటుంది. ఒడ్డుమీది వాడికి ఆ ఏడాది అంతటితో అయిపోయినట్టే. ఒకావిడ తలెత్తి నన్ను చూసి రాసుకుంది. ఆ రాత్రి ఇంటికి వస్తూ దారంతా, రారిటన్ బేకి గాలాలు పట్టుకెళ్ళే మనవాళ్ళ ముఖాలే గుర్తుకొచ్చాయి.

మాది గోదావరి ఒడ్డు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట వింటూ పెరిగాను. గుడ్లున్న పులసకి ఎక్కువ ధర పెట్టి, దాన్ని గొప్పగా చెప్పుకున్న ఇళ్ళు మావి. స్ట్రైపర్ లాగే పులసా ఉప్పునీళ్ళు వదిలి గుడ్లు పెట్టడానికి ఏరెక్కి వచ్చే చేపే, ఆ పులస ఇప్పుడు ఎంత అరుదైపోయిందో మీకు చెప్పనక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధమంటే మన తీరంలో మత్స్యకారులు పస్తులకి భయపడుతూనే బోట్లు ఒడ్డుకి కట్టేస్తారు. వాళ్ళకున్న ఓర్పు నాకెప్పుడూ గౌరవమే. పైనుంచి ఉత్తర్వు రావడం, మనం తలవంచడం, లేదంటే సందు చూసుకోవడం మనకి అలవాటైపోయింది. మన మాట అడిగి తెలుసుకునే చోటికి వచ్చి ఇరవై ఏళ్ళైనా ఆ అలవాటు వదల్లేదు.

వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ అంటారు కొందరు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అభిప్రాయం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఓటు హక్కు అక్కర్లేదు. పియర్ దగ్గర పలక పట్టుకుని "ఏం పట్టారు, ఎన్ని వదిలారు, ఎంతసేపు నిలబడ్డారు" అని అడిగేవాళ్ళు పోలీసులు కారు. వాళ్ళని చూసి సంచీ సర్దుకుని వెళ్ళిపోకండి. ఇంటికి పోస్టులో వచ్చే ప్రశ్నల కాగితం చెత్తబుట్టలో వేయకండి. తీరంలో గాలాలకి ఎన్ని చేపలు పడుతున్నాయన్న అంచనా ఆ జవాబుల మీదే కడతారు. మన జవాబు లేకపోతే మన చేపల సంగతి పక్కవాడి జవాబుని బట్టి ఊహిస్తారు.

మన కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. ఉగాది కార్యక్రమానికి పంపినట్టే హియరింగుల తేదీలు కూడా గ్రూపులో పంపండి. పిక్నిక్ రోజు ఒడ్డున ఒక కొలబద్ద, ఆ ఏడాది నియమాల కాగితం పెట్టండి. ఉప్పునీటి వేటకి న్యూజెర్సీలో చేయించుకోవాల్సిన రిజిస్ట్రేషన్ ఉచితం, అది అక్కడికక్కడే ఫోన్లలో చేయించండి. టికెట్ పడ్డ కుర్రాడితో మాట్లాడాను, తనూ వస్తానన్నాడు. వచ్చే హియరింగ్‌కి నా బండిలో ఇంకా ముగ్గురికి చోటుంది. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకేవాళ్ళు ముందురోజు మా ఇంటికి రండి, కూర్చుని రాసుకుందాం.