ప్రభువు బల్లకు దూరంగా కూర్చోవడం భక్తి కాదు

నెలలో మొదటి ఆదివారం పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఏ మందిరంలో చూసినా దాదాపు ఒకటే తీరు. వాక్యం గంటన్నర, ప్రకటనలు అరగంట, చివర్లో ప్రభువు బల్లకు, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారానికి, పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కూడా కొందరు తల వంచుకుని కదలకుండా కూర్చుంటారు. అడిగితే, "అయోగ్యంగ తీసుకుంటే రోగమొస్తదంట అన్నా, మనకెందుకు" అంటారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే, కానుక వేసేవాళ్లే, రొట్టె దగ్గరికి వచ్చేసరికి ఏళ్ల తరబడి వెనక్కి జరుగుతున్నారు. దీన్ని మనం వినయం అనుకుంటున్నాం. కాదు, ఇది సగం వాక్యం చెప్పి మనమే పుట్టించిన భయం.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (1 కొరింథీ) 11వ అధ్యాయాన్ని, అయోగ్యంగా తింటే అపరాధి అనే 27వ వచనం దగ్గర మొదలుపెట్టి చదివితే ఇట్లాగే అవుతుంది. 17 నుంచి చదవండి. ఆ సంఘంలో ఉన్నోళ్లు ముందే కూర్చుని తిని తాగి మత్తులో ఉంటున్నారు, లేనోళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. పేదలను సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడింది దానికే. ఒకే రొట్టెలో పాలుపొందేవాళ్లంతా ఒకే శరీరం అని 10:17లో ముందే చెప్పి ఉన్నాడు. కాబట్టి పక్కనున్న మనిషిని ఆ శరీరంలో భాగంగా చూడకుండా తినడమే ఆ అధ్యాయం పట్టుకున్న పాపం. పరీక్షించుకుని తినమన్నాడు, పరీక్షించుకుని మానేయమనలేదు. అధ్యాయం చివర్లో ఇచ్చిన ఆజ్ఞ కూడా "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అనే.

మరి మనం కనిపెట్టుకుని ఉంటున్నామా? పత్తి ఏరే కాలంలో కూలీలు పొద్దున ఒక పూట ఏరి, స్నానం చేసి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికే బల్ల ముగించేసిన సంఘం కొరింథు చేసిన తప్పే చేస్తోంది. ఆ నెలల్లో బల్లను వాళ్లు వచ్చేదాకా ఆపండి, లేదా సాయంత్రం పెట్టండి. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతిని తిట్టే మనం, మందిరంలో మాల, మాదిగ అని వేరువేరు వరుసల్లో కూర్చుని ఒకే రొట్టె విరవడం ఎట్లా కుదురుతుంది? పెద్దలు నోరు విప్పాల్సింది ఇక్కడే.

ఆత్మీయ ఎదుగుదల అంతా బల్లకు ముందు వారం సిద్ధపాటులోనే ఉంది. ముందు ఆదివారమే బల్ల గురించి ప్రకటించండి. ఎవరితో మాటల్లేవో, ఎవరి చిట్టీ డబ్బు ఇవ్వాలో, పొలం గట్టు దగ్గర తమ్ముడితో ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని, శుక్రవారం లోపు వాళ్ల ఇంటికి పోవాలి. మత్తయి 5:23, 24 అడిగేది ఇదే. అవతలివాళ్లు తలుపు తీయకపోతే? మీ చేతనైనంత చేశారు, బల్లకు రండి. శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా 22:7 నుంచి 34 వరకు చదవండి. తెల్లవారేలోపు తనను ఎరుగనని అనబోయే పేతురును ప్రభువు ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకున్నాడు. ఇక పాపం వదలనని మొండికేసినవాళ్ల సంగతి వేరు. వాళ్లతో పెద్దలు ఇంటికి వెళ్లి మాట్లాడాలి, తిరిగి చేర్చుకునే దారి కూడా చెప్పాలి.

వస్తువుల విషయంలోనూ అశ్రద్ధ ఎక్కువే. అరవై మందికి 200 గ్రాముల గోధుమపిండి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె చాలు. పులిపిండి వద్దు. మందంగా ఒకే రొట్టె ఒత్తి, కాల్చకముందే పైన కత్తితో గీతలు పెట్టి, సన్నని మంట మీద కాల్చండి. గీతలుంటే విరిచేటప్పుడు పొడి కాదు. శనివారం రాత్రే చేసి పెడితే పొద్దుటికి గట్టిపడుతుంది, ఆదివారం పొద్దున్నే చేయండి. బిస్కెట్లు, ముందే కోసిన ముక్కలు సులువే గానీ, అందరి ముందు ఒక్క రొట్టె విరవడం కనబడకుండా పోతుంది. నాకైతే అది పెద్ద నష్టం.

గిన్నెకు 15 మి.లీ. చొప్పున అరవై మందికి 900 మి.లీ., అంటే లీటరు రసం పెట్టుకోవాలి. కిలోన్నర నల్లద్రాక్ష ఉడికించి పిండితే దాదాపు అంత వస్తుంది. ద్రాక్ష దొరకని కాలంలో పావుకిలో నల్ల కిస్‌మిస్ లీటరు పైచిలుకు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున మరిగించి వడకట్టండి. రంగు నీళ్లు, ఎసెన్స్ వద్దు. ఎండాకాలంలో రసాన్ని బయట పెడితే తెల్లారేసరికి నురగ, పులిసిన వాసన వస్తాయి. కల్లు, సారా మానుకుని వచ్చిన సోదరుడికి ఆ వాసనే ఉచ్చు. ఫ్రిజ్ లేకపోతే పొద్దున్నే తయారుచేయండి.

మంచాన పడ్డవాళ్ల పేర్లు కూడా శనివారమే రాసుకోండి. రెండో శతాబ్దంలోనే, రాలేనివాళ్ల ఇళ్లకు పరిచారకులు రొట్టె తీసుకెళ్లేవారని ఆ కాలపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. ఆరాధన అయిన వెంటనే ఇద్దరు పెద్దలు వెళ్లి 1 కొరింథీ 11:23 నుంచి 26 వరకు చదివి, ప్రార్థించి ఇవ్వాలి. నమలలేనివాళ్లకు రొట్టెను రసంలో నానబెట్టి పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లకు ఒక గుక్క చాలు.