కంచికి వెళ్ళిన కథకు తిరుగు టికెట్టు

ఒకే సంపుటంతో ముగిసిపోయే నవలను చూస్తే నాకు ఎప్పుడూ జాలి కలుగుతుంది. అలమరలో ముందూ వెనుకా ఎవరూ లేని అనాథలా నిలబడి ఉంటుంది. పక్కన రెండో భాగం ఉండదు, వెన్నుమీద అంకె ఉండదు. కథ కంచికి, మనం ఇంటికి అని మన పెద్దలు తేల్చేశారు గాని, వెళ్ళిన కథను వెనక్కి రప్పించే ఏర్పాటు మాత్రం చేయలేదు. ఆ లోపాన్ని ప్రచురణరంగం సీక్వెల్ ద్వారా సరిదిద్దుతూ ఉంటే సంతోషించవలసింది పోయి, ముగిసిన నవలను ముగిసినట్టే వదిలేయాలని కొందరు పాఠకులు వాదిస్తున్నారు. వారి అజ్ఞానాన్ని ఓపికగా తొలగించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముగింపు అనేది రచయిత బద్ధకానికి మరో పేరు. మార్గరెట్ మిచెల్ 1936లో వెలువరించిన 'గాన్ విత్ ద విండ్' చివర నాయకుడు నాయికను విడిచి వెళ్ళిపోతాడు. తిరిగి వస్తాడో రాడో మిచెల్ చెప్పలేదు సరికదా, 1949లో కన్నుమూసే వరకు ఎవరెంత అడిగినా కొనసాగింపు రాయనేలేదు. ఫలితంగా లక్షలాది పాఠకులు ఎవరికి తోచిన ముగింపును వారు ఊహించుకుంటూ, తోటివారితో తగవులాడుకుంటూ, డబ్బు పెట్టి కొన్న పుస్తకానికి మిగిలిన పని తామే చేసుకోవలసి వచ్చింది. ఈ వెట్టిచాకిరి నుంచి వారికి విముక్తి 1991లో లభించింది. మిచెల్ వారసుల అనుమతితో మరో రచయిత్రి 'స్కార్లెట్' రాసి, విడిపోయిన జంటను కలిపేశారు. విమర్శకులు పెదవి విరిచారు, ప్రతులు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయాయి. యాభై అయిదేళ్ళ తగవు తీరిపోయి, ఇక ఆ జంట గురించి మాట్లాడుకోవడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు. ఒక పుస్తకం పాఠకలోకానికి ఇంతటి నిశ్శబ్దాన్ని ప్రసాదించడం సామాన్యమైన విషయం కాదు.

సొంతదారు ఆలస్యం చేస్తే పొరుగువారు పూనుకుంటారని స్పానిష్ రచయిత సెర్వాంటెస్‌కు ఎప్పుడో తెలిసివచ్చింది. 1605లో 'డాన్ కిహోటే' వెలువడింది. అసలు రచయిత రెండో భాగాన్ని ముగించకముందే, 1614లో, అవెల్యనేదా అనే మారుపేరు పెట్టుకున్న మహానుభావుడెవరో దానికి ఒక కొనసాగింపును అచ్చువేయించాడు. మరుసటి ఏడు సెర్వాంటెస్ తన రెండో భాగంలో ఆ దొంగ పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు. అందులో వీరుడు సారగోసాకు వెళ్ళాడు గనుక, తన వీరుణ్ణి ఆ ఊరి పొలిమేర కూడా తొక్కనివ్వకుండా బార్సిలోనాకు మళ్ళించాడు. చివరికి ఇంకెవరూ ముట్టుకోకుండా అతణ్ణి చంపి, ఆ చావుకు తగిన సాక్ష్యం కూడా పెట్టాడు. పాత్రను చంపితే కథ ఆగుతుందని నమ్మేంత అమాయకపు కాలం అది.

నా వాదానికి ఇబ్బంది కలిగించే ఉదాహరణ ఒకటి ఉందని ఒప్పుకోక తప్పదు. మార్క్ ట్వేన్ 1876లో టామ్ సాయర్ కథ రాసి, 1884లో దాని కొనసాగింపుగా హకిల్‌బెరీ ఫిన్ కథను తెచ్చాడు. కానీ అందులో చేసినది పచ్చి మోసం. కథ చెప్పే పనిని మరో కుర్రవాడికి అప్పగించి, వాడి యాసలోనే పుస్తకమంతా నడిపి, మొదటి నవలకు దారిలో కూడా తగలని ప్రశ్నలను తలకెత్తుకున్నాడు. దానిని సీక్వెల్ అనడం కంటే వేరే నవల అనడం న్యాయం. అదృష్టవశాత్తు ట్వేన్ తన పొరపాటును దిద్దుకున్నాడు: 1894లో టామ్‌ను బెలూన్ ఎక్కించి ఆఫ్రికా మీదుగా తిప్పాడు, 1896లో అతణ్ణే డిటెక్టివ్‌ను చేశాడు. సీక్వెల్ అంటే అలా ఉండాలి.

హార్పర్ లీ విషయంలో ప్రచురణకర్తలు మరింత ముందుకు వెళ్ళారు. 1960 నాటి 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' కంటే ముందు రాసి పక్కన పెట్టిన రాతప్రతిని 2015లో విడుదల చేసి, అక్కను చెల్లెలిగా పరిచయం చేశారు. అర్ధశతాబ్దం పైగా న్యాయానికి ప్రతిరూపంగా పాఠకులు కొలిచిన లాయరుగారు అందులో వర్ణవివక్షను సమర్థిస్తూ కనిపించారు. ఒక మంచి మనిషిని ఇంతకాలం హాయిగా నమ్ముకున్నవారికి ఈ మాత్రం శిక్ష పడవలసిందే.

మార్గరెట్ అట్‌వుడ్ 1985 నాటి తన నవల 'ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్'కు 2019లో రాసిన కొనసాగింపు ఆ ఏడాది బుకర్ బహుమతిని మరో నవలతో పంచుకుంది. చదివాను, నిజం చెప్పాలంటే నచ్చింది. మొదటి నవల చివర కథానాయిక తనను తీసుకుపోయేది వెలుగులోకో చీకటిలోకో తెలియక బండి ఎక్కుతుంది. ఒకప్పుడు ఆ పుట దగ్గర నాకు గుండె జారిపోయేది. ఈమధ్య మళ్ళీ చదివితే జారలేదు. ఆరోగ్యరీత్యా ఇదీ మేలే.

కాబట్టి అచ్చు యంత్రాల నుంచి 'సమాప్తం' అనే మాటను తొలగించి, ప్రతి నవల చివరా 'సశేషం' అని వేయడాన్ని తప్పనిసరి చేయాలి. చనిపోయే ప్రతి పాత్రా ఒక కవల సోదరుణ్ణో, ఎవరూ విప్పని డైరీనో వదిలి వెళ్ళాలి. ఈ నియమాలన్నీ పాటిస్తూ నేను కూడా ఒక నవల తలపెట్టాను. రెండో భాగం, మూడో భాగం సిద్ధంగా ఉన్నాయి. మొదటి భాగానికే ఇంకా కథ దొరకడం లేదు.