మహారాజశ్రీ ఏడు శాతం గారికి

మహారాజశ్రీ 7-38-55 స్లైడు గారికి నమస్కరించి వ్రాయునది.

నిన్న శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదున్నర దాకా జరిగిన 'మంచి కమ్యూనికేషన్‌తో లీడర్‌షిప్' ట్రైనింగ్‌లో తమరి దర్శనభాగ్యం కలిగింది. ఇది నాలుగోసారి. నేను కంపెనీలు మారాను, ట్రైనర్లు మారారు, తమరు మాత్రం అదే మూడు రంగుల గుండ్రంలో చెక్కుచెదరలేదు.

పేపర్ కప్పులతో టవర్ కట్టించడం, పక్కవాడి కళ్లలోకి రెండు నిమిషాలు చూడమనడం, చల్లారిన సమోసా, అన్నీ క్షమించేశాను. తమరినే వదల్లేకపోతున్నాను.

మనం చెప్పేది ఎదుటివాళ్లకి చేరడంలో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖకవళికలది 55 అని ట్రైనర్ గారు సెలవిచ్చారు. అది చెప్పడానికి మూడున్నర గంటలు మాటలే వాడారు. మా ఊళ్లో రాయబారం నాటకం ఆడితే చింతచెట్టు కింద కూర్చున్నవాళ్లకి కృష్ణుడి కిరీటం తళుకు తప్ప ముఖం కనపడేది కాదు. అయినా పద్యంలో ఒక్క ముక్క జారితే అక్కణ్ణుంచే కేకలేసేవాళ్లు. తమరి సంగతి వాళ్లకి తెలీదు పాపం.

ఇంటికొచ్చి తమరి పుట్టుపూర్వోత్తరాలు తీశాను. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు, సహచరులతో కలిసి చేసిన రెండు ప్రయోగాలు. విడివిడి మాటలు వినిపించి, చెప్పేవాళ్లకి ఎదుటివాళ్లంటే ఇష్టమో కాదో పోల్చమన్నారు. ఆ లెక్క ఇష్టాయిష్టాలు తెలిపే మాటలకేగానీ అన్నిటికీ పనికిరాదని ఆయనే చెప్పాడు. ఇంతకీ ఒక ప్రయోగంలో వాడిన మాటేమిటో తెలుసా? 'మేబీ'.

అంటే మా మేనేజర్ గారి 'చూద్దాం'!

చెల్లి పెళ్లికి నాలుగు రోజులు సెలవడిగి మూడు వారాలైంది. ముఖాన 55 శాతం చిరునవ్వు, గొంతులో 38 శాతం తేనె, నోట్లోంచి 'చూద్దాం'. మళ్లీ అడిగితే భుజం మీద చెయ్యేసి మరీ 'చూద్దాం'. మొదటిసారి అడిగిననాడు రాజమండ్రి ట్రైన్‌లో బెర్తులున్నాయి. ఇవాళ వెయిటింగ్ లిస్టు 112. "వస్తున్నావో లేదో ఒక్క మాట చెప్పరా" అని అమ్మ రోజూ ఫోను. ఒక్క మాటే! ఆవిడకి ఆ ఏడు శాతం చాలట.

నిన్న 'బెస్ట్ లిజనర్' చాక్లెట్ ఎవరికిచ్చారో చెప్పనా? మా మేనేజర్ గారికే. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, సిగ్గులేక.

ఇదిగో స్లైడూ, గార్లూ బూర్లూ ఇక చాలు. నీ 93 శాతం నువ్వే ఉంచుకో. కాదంటే కాదనమను, జీతం కోయించుకుని పోతాను. ఆ ఒక్క ముక్క నోరు విప్పి చెప్పలేని మనిషికి నువ్వు ముసుగువి, అంతే.

పొద్దున మెయిల్ పెట్టాను. మెయిల్‌కి ముఖం ఉండదు, గొంతు ఉండదు కదా, మాటలతోనే జవాబివ్వాలి అనుకున్నాను.

వచ్చింది. బొటనవేలి బొమ్మ.

ఒప్పుకున్నట్టా, చదివినట్టా?

ఇట్లు,
వెయిటింగ్ లిస్టు 112